బేరింగు పోతే టబ్బంత మార్చాల్నా

"అవ్వా, బట్టల మిషిను కొందామనుకుంటున్న. ముందట తలుపుండేది తీస్కోనా, పైన మూతుండేది తీస్కోనా? మార్తమ్మవ్వను అడుగు, ఆమెకు మంచిగ ఎరుక అన్నది మా అమ్మ."

మీ అమ్మ గట్లన్నదా? మీ అమ్మకు నా కోపం సూడబుద్ధైనట్టుంది. కూసో మమతా, గా పీట గుంజుకో. ఫోను ఎందుకు గట్ల వెట్టినవ్? రికార్డా? వెట్టు, వెట్టు. నా మాటలు ఆ మిషిను జేసినోళ్ళకు ఇనవడితే ఇంక మంచిది.

ముందట తలుపుండేది బట్టలు మంచిగనే ఉతుకుతది బిడ్డ, అబద్ధమెందుకు జెప్పాలె. నీళ్ళు తక్కువ పడ్తయి, బట్ట చినగదు, సగం ఎండినట్టె బైటికొస్తది. గవన్ని దుకానమోడు గూడ జెప్తడు. వాడు జెప్పనిది ఒక్కటుంటది. రేపు చెడిపోతే ఇప్పి బాగుజెయ్యొస్తదా, రాదా? గది వాడు జెప్పడు, కొనేటోళ్ళు అడగరు. నేను గూడ అడగలే. ముప్పై ఏండ్లు మిషిను ముందట నిలవడి బట్టలుతికినదాన్ని, నేనే అడగలే! ఇప్పటికి నన్ను నేను తిట్టుకుంటున్న.

నీకు ఎరుకనే గదా, నేను దవాఖానల బట్టలుతికే కాడ పనిజేసిన. తెలంగాణ ఒచ్చిన ఏడే రిటైరైన. గాదు గాదు, ఒచ్చిన మర్సటేడు. నేను చేరినప్పుడు జీతం నాలుగు వందలు గూడ లేకుండె. గా జీతంలనే బియ్యం, కట్టెలు, మీ తాత బీడీలు అన్ని ఎల్లుతుండె. ఇప్పుడు నాలుగు వందలకు సబ్బు పొడి రాదు. సరే, గది వేరే ముచ్చట. గాడ ఒక పెద్ద మిషిను ఉండె. పండవెట్టిన ఇనుప డోలు అనుకో. నలుగురు మనుషులు పట్టేంత. ఖాజామియా అని మిస్త్రీ ఉండె, మంచి మనిషి, పాన్ నములుకుంట మాట్లాడేది. ఎవ్వరు దొరకనప్పుడు నా చేతుల్నే బోల్టులిప్పే పాన వెట్టేది. "తిప్పు మార్తమ్మా, మిషిను ఏం కరువదు" అనేది. శనివారం శనివారం గ్రీజు వెట్టిపిచ్చేది. నా ముప్పై ఏండ్లల్ల రెండుసార్లు దాని బేరింగులు మార్చిండు. పొద్దుగాల బోల్టులు ఇప్పితే పగటి బువ్వ యాల్లకు మల్ల చెద్దర్లు తిరుగుతుండె. గంతే. గంతకు మించి దాంట్ల ఏం లేకుండె.

ఇగ నా కొడుకు సంగతి. యాకోబు, నువ్వు సూసినవ్ గదా ఇప్పుడు, లోపటి అర్రల పండుకున్నడు. ఒక కాంట్రాక్టరు కింద స్తంభాలెక్కి తీగలు గుంజే పని జేస్తుండె. నిచ్చెన జారింది. నడుము ఇరిగింది. నడుం కిందికెళ్ళి ఏం తెల్వదు వానికి. గిచ్చినా తెల్వదు, కాలినా తెల్వదు. ఒంటికి పోయింది గూడ తెల్వదు. నా కోడలు సునీత ఇస్కూల్ల పిల్లలకు బువ్వ వండుతది. పొద్దుగాల పోతే మూడు గంటలకొస్తది. అందాక నేనే. రోజుకు నాలుగు చెద్దర్లు, ఒక్కొక్కనాడు ఆరు.

దవాఖాన నుంచి తోలిచ్చేటప్పుడు సిస్టరమ్మ ఒక్కటే మాట జెప్పింది. "అవ్వా, వాని కింద చెద్దరు తడి ఉండొద్దు. తడి ఉంటె పుండు పడ్తది. పుండు పడితే ఎముక దాక పోతది." గా మాటకే నేను మిషిను కొన్న. రిటైరైనప్పుడు ఒచ్చిన పైసలు అట్లనే వెట్టుకున్నుంటి, గవి తీసి కొన్న.

రెండేండ్లు మంచిగ నడిచింది. నేను దాన్ని ఎట్ల సూసుకున్ననో మా సునీతను అడుగు. కింద మూలకు ఒక చిన్న తలుపుంటది, లోపట చెత్త ఆపే జాలి. ఆదివారం చర్చి నుంచి రాంగనే తాంబాళం కింద వెట్టి గా జాలి ఇప్పుతుంటి. రూపాయి బిళ్ళలు, గుండీలు, సునీత తల సూదులు, అన్ని అండ్లనే. తలుపు కాడి రబ్బరు మడతల నీళ్ళు నిలుస్తయి, గది రోజు తుడుస్తుంటి, లేకుంటె నల్లగైతది, వాసనొస్తది. మన బోరు నీళ్ళు నీకు ఎరుకనే, గిన్నెకు తెల్లగ పేరుకుంటది గదా, గట్లనే మిషిను కడుపుల గూడ పేరుకుంటది. నెలకొకసారి నిమ్మ ఉప్పు ఏసి ఉట్టిగ తిప్పుతుంటి. ఇంత జేసిన నేను! ఎందుకు జెప్తున్ననంటె, కంపెనీ మెకానిక్ ఒచ్చి నా మీదనే వెట్టిండు తప్పు.

ఆగు, వరుసగ జెప్త.

మూడో ఏడు వానకాలంల మోత మొదలైంది. బట్టలు పిండేటప్పుడు మొదలు పిండి గిర్ని లెక్క మోగింది. వారానికి లారీ గుట్ట ఎక్కినట్టు మోగింది. నేను తలుపు తీసి లోపటి డోలు చేత్తోని తిప్పిన. గరగర అన్నది. పైకి ఎత్తి సూస్తె ఊగుతాంది. బేరింగు పోయింది అనుకున్న. ఇంతోటి దానికి ఫికరెందుకు, మార్పిస్తె అయిపాయె అనుకున్న.

ఫోను జేస్తె నాలుగు దినాలకు ఒచ్చిండు కంపెనీ మెకానిక్. నలభై ఏండ్లుంటయి, ఇస్త్రీ అంగి, మెడల కార్డు. డోలు ఒక్కసారి తిప్పిండు.

"బేరింగ్ పోయిందమ్మ."

"గది నాకెరుకనే నాయినా. మార్చు."

"బేరింగ్ మార్చరాదు. డోలు సుట్టూత ఉండే టబ్ మొత్తం మార్చాలె."

"ఎందుకు రాదు?"

"టబ్ రెండు సగాలు కలిపి అతికిచ్చే వస్తది కంపెనీ కెళ్ళి. ఇప్పనీకి బోల్టులుండయి."

"బోల్టులెందుకు వెట్టలే మరి?"

నవ్విండు బిడ్డ. నా మొకం సూసి నవ్విండు. "గవన్ని నీకు అర్థంగావమ్మ. ఇంట్ల చదువుకున్నోళ్ళు ఎవరన్న ఉంటె పిలువు."

ముప్పై ఏండ్లు మిషిను గ్రీజు ఈ గోర్లల్ల ఉండె. నాకు అర్థంగాదంట! బోల్టులు ఎందుకు లేవన్నది చదువుకున్నోళ్ళు అడగాల్సిన మాటనా? ఏ ముసల్దైన అడుగుతది. అంతటితోని ఊకున్నడా? తీగ మీది చెద్దర్లు సూసి, "ఇది ఇంటి కోసం ఇచ్చిన మిషిను. మీరు దవాఖాన నడుపుతుండ్రు దీని మీద. గందుకే పోయింది" అన్నడు. లోపట మంచంల నా కొడుకు ఇంటుండు. వాని చెద్దర్ల గురించి వానికి ఇనవడేటట్టు అన్నడు!

టబ్బు ధర జెప్పిండు. కొత్త మిషినుల సగమైతది. సరే తెప్పియ్యి అన్న. పదిహేను దినాలల్ల వస్తది అన్నడు. మిషిను వెనుక ఒక కాయితం అతికిచ్చి ఉండె. సునీత చదివింది, బైటోళ్ళు ఇప్పితే మా జిమ్మేదారి లేదు అని రాసుందంట. ఇగో మమతా, నేను తప్పు జేసింది గాడ. గా కాయితానికి భయపడ్డ. పాన పట్టిన చేతులు పెట్టుకొని, మూలకు కూసొని ఎదురుసూసిన. పదిహేను దినాలు పోయినయి, ఇరవై పోయినయి, నెల దాటింది. ఫోను జేస్తె ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటది. నొక్కీ నొక్కీ సునీతకు ఏడుపొచ్చేది.

ముసురు పట్టింది గా ఏడు. మన పాలమూరుల వాన రాదని ఏడుస్తం గదా, గప్పుడు మాత్రం ఇడువకుండ కొట్టింది. నేను బండ మీద ఉతికిన. పిండనీకి నా మణికట్లల్ల బలమేడిది? సునీత పనికెళ్ళి ఒచ్చి పిండేది. ఫ్యాను కింద ఆరేసినం, ఇస్త్రీపెట్టెతోని కాల్చినం. చేతికి ఎండినట్టె ఉంటది, ఒంటికింద పడితే తడి బైటికొస్తది. మనకైతే సల్లగ తాకి లేస్తం. వానికి తెల్వదు గదా.

వాడు గూడ గోడ దిక్కు మొకం వెట్టి మాటలు బంద్ జేసిండు. మెకానిక్ గా మాట అన్న నాటి నుంచే. నీళ్ళు కావాల్నా అంటె తల ఊపేది. నేను చెద్దరు మార్సబోతే "ఉండనీ అమ్మ" అనేది. గంతే.

పుండు సునీత సూసింది. నడుము కింద, ఎముక తేలిన కాడ. మొదలు ఎర్రగ బిళ్ళంత ఉండె. వారానికి నల్లగైంది. వాసనొచ్చింది. దవాఖానకు ఏసుకపోతే డాక్టరు కుళ్ళిన కండ అంత కోసి తీసిండు. నా పిడికిలి పట్టేంత గుంట, ఇగో, ఇంత. సూది గూడ ఇయ్యలే, వానికి నొప్పి తెల్వదు గదా. నేను గోడకు ఆనుకొని ఏడుస్తున్న. వాడు తల తిప్పి, "నాకు నొస్తలేదమ్మ, నువ్వెందుకు ఏడుస్తున్నవ్" అన్నడు.

ఉండనీ అన్నది గాక, గా నెలంతట్ల వాడు మాట్లాడింది గదొక్కటే.

...నీళ్ళందుకో జర. ఆ, సాలు.

తొమ్మిది దినాలు ఉండి ఇంటికొచ్చినం. గదే దినం ఫోను. ఎవరో పిల్ల, తియ్యగ మాట్లాడుతాంది. గా మోడలు బంద్ అయ్యిందంట. టబ్బు ఇగ రాదంట. పాతది ఇచ్చేస్తె కొత్తదానికి ఇంత తగ్గిస్తమంట. సంబురం జెయ్యాలె నేను! నెలన్నర వెట్టిండ్రు గా మాట జెప్పనీకి. ముందే జెప్పుంటె నేను ఆగుదునా? నా కొడుకు కండ పోవునా?

ఫోను మంచం మీదికి ఇసిరేసిన. ముందుగాల గా కాయితం గోర్లతోని పీకి అవతల వడేసిన. యాకోబు పనికి పోయిన సంచి గోడ మొలకు ఏలాడ్తుండె, వాడు పడ్డ నాటి నుంచి ఎవ్వరు ముట్టలే. గది తీసి పాన చేతుల వట్టుకున్న. సునీత "అత్తమ్మ, ఏం జేస్తున్నవ్, ఆగు" అని చెయ్యి వట్టింది. ఇడిపిచ్చుకున్న. మిషిను వెనుక బోల్టుకు పాన ఆనిచ్చిన.

"అమ్మా, ముందుగాల ప్లగ్గు పీకు."

వాడు! నా కొడుకు. పుండు మీద పండుకోరాదు గదా, పక్కకు పండవెట్టినం, అందుకే మొకం మా దిక్కే ఉంది. సూస్తున్నడు. సునీత ప్లగ్గు పీకింది. "నీళ్ళ పైపు బంద్ జెయ్యి" అన్నడు. బంద్ జేసింది. "జర నా ముందటికి గుంజుండ్రి" అన్నడు. మేమిద్దరం ఊపుకుంట ఊపుకుంట గా మిషిను వాని మంచం ముందటికి తెచ్చినం.

ఇగ వాడు జెప్పుడు, మేము జేసుడు. పై మూత తీసినం. సబ్బు డబ్బా తీసినం. ముందటి రేకు తీసినం. ఏది ఇప్పినా ముందుగాల సునీత ఫోన్ల ఫోటో తీసి వానికి సూపెట్టాలె, తీగలు ఏ రంగు యాడున్నయో మల్ల తెల్వాలె అని. స్తంభాల మీద పనిజేసినోడు గదా, తీగల కాడ మస్తు జాగ్రత్త.

లోపట ఏమున్నయో ఎరుకనా? సిమెంటు బండలు! నిజం బిడ్డ, నా ఒట్టు. మిషిను ఊగకుండ టబ్బుకు రెండు సిమెంటు బండలు కట్టిండ్రు. గవి మాత్రం సక్కగ బోల్టులతోని బిగిచ్చిండ్రు. బండకు బోల్టు వెట్టనీకి తెలివుంది, టబ్బుకు వెట్టనీకి లేదు! ఎవడు చేసిండో గాని వాని నోట్ల మన్నువడ, తెల్వక చెయ్యలే, తెలిసే చేసిండు. టబ్బు పాడైతే మిషిను పాడైనట్టె, ఇంకోటి కొంటరు. నాకు గా బండలు సూసిన నాడే సాఫ్ గ ఎరుకైంది.

టబ్బు పైన రెండు స్ప్రింగులకు ఏలాడ్తది. సునీత ఒక దిక్కు, నేనొక దిక్కు కావలిచ్చుకొని ఎత్తి బొంత మీద వెట్టినం. సుట్టూత అతుకు గీత కనవడ్డది. నేను బ్లేడు అందుకుంటె యాకోబు ఆపిండు. "కొయ్యకముందే అంచు పొడుగూత బెజ్జాలు వెట్టు అమ్మ. కోసినంక వెడ్తె ఒకదానికొకటి కలువయి." గా తెలివి కంపెనీ వానికి లేకపాయె సూడు. సునీత డ్రిల్లు మిషిను కిరాయికి తెచ్చింది. ఇరవై నాలుగు బెజ్జాలు. వాడు మంచంలకెళ్ళి లెక్కవెట్టిండు.

మల్ల కోసుడు. ఇనుము కోసే బ్లేడుతోని రెండు దినాలు కోసినం. నా కోపమంత గా గీత మీదనే తీసిన. బ్లేడ్లు ఇరిగినయి, చేతులు బొబ్బలెక్కినయి. ఇడిసిపెట్టలే. ఆఖరుకు రెండు సగాలు ఇడివడ్డయి. వెనుక సగం బోర్లేసి, కట్టెముక్క ఆనిచ్చి సుత్తెతోని కొడ్తె డోలు ఊడి ఒచ్చింది. లోపట సూస్తె ఏముంది? నీళ్ళు ఆపే చిన్న రబ్బరు చక్రం అరిగింది. అండ్లకెళ్ళి నీళ్ళు బేరింగులకు పోయి తుప్పు బురదైంది. గంతే రోగం. నా అరచేతుల పట్టేంత రోగం.

బేరింగు మీద నంబరుంటది. సునీత తుడిసి చదివి, రెండు బేరింగులు, రబ్బరు చేతుల వట్టుకొని మోటర్లు చుట్టే దుకానానికి పోయింది. గాయన డబ్బా గుంజి ఇచ్చిండంట. "బోరు మోటర్లకు గూడ గివే ఏస్తం అక్కా" అన్నడంట. రబ్బరుకు మాత్రం కొలత వెట్టి సరిపోయేది ఎతికి ఇచ్చిండు. అన్ని కలిపి ఎంతైందనుకున్నవ్? మేము దవాఖానకు పోయొచ్చిన ఆటో కిరాయంత.

సునీత గవి నా చేతుల వెట్టంగనే గా దుకానం యాడున్నదని అడిగిన. మనింటికి నడిసిపోతే పావుగంట దూరం. నా కొడుకు కింద చెద్దరు తడిగున్నన్ని దినాలు గా బేరింగులు గాడ డబ్బాల ఉన్నయి బిడ్డ. యాడనో దూరంగ లేవు. ఏ ఓడల మీద రాలే. గాడనే ఉన్నయి!

కొత్తవి కొట్టినం. అంచుకు గమ్ము వెట్టి, ఇరవై నాలుగు బోల్టులు బిగిచ్చి ఒక దినం ఆరనిచ్చినం. మల్ల ఫోటోలు సూసుకుంట వాడు జెప్పినట్టు అన్ని ఎక్కిచ్చినం. మొదటిసారి నీళ్ళు ఇడిస్తె ముందటికెళ్ళి కారినయి. సునీత బట్ట తెచ్చి నేల తుడిసింది. "టబ్బు మంచిగనే ఉంది. తలుపు రబ్బరు మీది తీగ సరిగ కూసోలే, ఇప్పి మల్ల వెట్టుండ్రి" అన్నడు వాడు. వెట్టినం. చెద్దర్లు ఏసి తిప్పినం. పిండేటప్పుడు ముగ్గురం చెవులు వెట్టి ఇన్నం. మోత లేదు. ఉట్టి గాలి మోత.

అయిపోయినంక, "మల్ల తిప్పుండ్రి" అన్నడు. తిప్పినం. "ఇంకోసారి" అన్నడు. ఉట్టి మిషిను తిప్పినం, వాడు ఇననీకి.

గాడికి అయిపోలే. మూడు నెలలకు గా మెకానిక్కే ఒచ్చిండు, పాత మిషిను ఇస్తరా అని అడగనీకి. మిషిను నడుస్తుంటె సూసి వెనుక రేకు తీసిండు. బోల్టులు సూసిండు. "ఎవరు కోసిండ్రు" అన్నడు. "నేనే, చదువురానిదాన్ని" అన్న. ఇగ ఇడువలే. నెలన్నర మాటలన్ని మొకం మీదనే అన్న. పుండు సూపెట్టిన. కట్టు ఇప్పి సూపెట్టిన బిడ్డ, సూడు అని చెయ్యివట్టి గుంజిన.

గాయన తల ఒంచుకొని నిలవడ్డడు. "అమ్మ, నేను ఐటిఐ చేసిన. బేరింగు మార్చుడు నాకు చేతనైతది. టబ్బు ఇప్పినట్టు తెలిస్తె నా నౌకరి పోతది" అన్నడు.

గా మాట ఇంటె నా కోపం తగ్గుతదనుకున్నవా? ఇంకింత అయ్యింది. చేతగానోడు చెయ్యకుంటె సరే అనుకుంట. పని ఒచ్చినోని చేతులు కట్టి, ఇస్త్రీ అంగి తొడిగి, ఇంటింటికి రాదు రాదు అని జెప్పనీకి తిప్పుతుండ్రు. నేను ఎవన్ని తిట్టాలె మరి? వీన్ని తిట్టిన. సాలలే. ఆ జేసినోళ్ళ మొకాలు నాకు తెల్వయి, వాళ్ళకు నా తిట్లు ముట్టయి. అట్లని వీన్ని మాఫ్ జేసిననుకోకు. చదువుకున్నోళ్ళను పిలువు అన్న మాట నేను మర్వలే. గాయనకు గూడ జెప్పిన గది. "తప్పైందమ్మ" అన్నడు.

పోయేటప్పుడు యాకోబు కాడ కూసొని అడిగిండు, బెజ్జాలు ఎంత దూరానికొకటి వెట్టిండ్రు, ఏం గమ్ము వాడిండ్రు అని. యాకోబు అన్ని జెప్పిండు. వాని మనసు నాకు లేదు. తర్వాత ఎవరో ఫోను జేసిండ్రు, మా మిషిను గూడ గట్లనే మోగుతాంది, మీ నంబరు ఒకాయన ఇచ్చిండు, పేరు జెప్పొద్దన్నడు అని. ఇప్పటికి ఆరు బాగుజేసినం మేము. రెండు కాలే. ఒకదాంట్ల డోలు వెనుక మూడు కాళ్ళ ఇనుము ఉంటది, గది తుప్పు తినేసినట్టైంది. ఇంకోదాంట్ల కరెంటు పలక కాలిపోయింది. వాడు గవి తలుసుకొని రెండు దినాలు బువ్వ సరిగ తినలే. నాకు గాడ మాత్రం సంతోషమైంది, నిజం జెప్తున్న. బువ్వ తినకపోనీకి వానికి ఒక పనన్న ఉంది.

"అయితే ఏది కొనాలె అవ్వా?"

నీ ఇష్టమున్నది కొను. ముందట తలుపుదే కొను, తప్పులేదు. కాని దుకానంల గట్టిగ అడుగు. టబ్బుకు బోల్టులున్నయా, అతికిచ్చిండ్రా? బేరింగు ఒక్కటే మారుస్తరా? సామాను ఎన్నేండ్లు దొరుకుతది? కాయితం మీద రాసియ్యమను. నవ్వుతే నవ్వనీ. నవ్వినోని కాడ మాత్రం కొనకు.

పుండు మానింది, ఏడు నెలలు వట్టింది. గుంట మాత్రం పోలే. రోజు పొద్దుగాల నూనె రాస్తుంటె నా ఏలు గా గుంటల పడ్తది. గాడ కండ లేదు, తోలు కిందనే ఎముక తాకుతది. వాడు "అయిపోయిందా అమ్మ" అంటడు, ఆ అంట. వానికి నా ఏలు తెల్వదు. నాకు తెలుస్తది...

ఏడికెళ్ళో ఏడికో పోయిన, ఏమనుకోకు. నీకు కొత్తగ నౌకరొచ్చింది, మంచిగుండు బిడ్డ. దేవుడు నీ చేతులకు బలమియ్యాలె. నీ అసుంటి పిల్లను ఎవడు నీకు అర్థంగాదు అననీకి నోరు తెరవొద్దు. తెరిస్తె... తెరిస్తె నన్ను పిలువు, నేనొస్త...